చెదలు తినగా మిగిలిన శుభలేఖ

మొన్న మధ్యాహ్నం వాన కాస్త తెరిపిచ్చింది. అరకులో వానాకాలమంటే తెలుసుగా, పొద్దున్న ఆరేసిన పంచె మర్నాటి పొద్దుటికి కూడా చెమ్మగానే ఉంటుంది. ఎండ పొడ కనబడగానే మా ఇంటావిడ అటకమీది రేకుపెట్టె దింపించి, లోపలి సరుకంతా అరుగుమీద పరిపించింది. పాత దుప్పట్లు, నా నౌకరీ కాగితాలు, ఒక ఇత్తడి గిద్ద, చెవి పోయిన తాళంకప్ప. అన్నిటికంటే అడుగున చెదలు కొట్టేసిన ఒక శుభలేఖ.

పాత పెట్టె తెరిస్తే పిల్లలకి సంతకెళ్ళినట్టే. మా మనవలిద్దరూ, పక్కింటి గుంటలు ముగ్గురూ చుట్టూ మూగారు. చిన్నది శుభలేఖ పైకెత్తి ఎండకి పెట్టి, "ఇదేటి తాతా, జల్లెడలాగుంది!" అంది. నిజమే. పసుపు రాసిన నాలుగు మూలల్లో రెండు లేనే లేవు. మధ్యలో చెదపురుగు అనంతగిరి కొండల్లో మన కిరండూల్ రైలుకి తవ్వినట్టు సొరంగాలు తవ్వుకుంటూ పోయింది.

"సరే, చదవండి చూద్దాం" అన్నాను.

పెద్దాడు మొదలెట్టాడు. పైన "శ్రీర" అని ఉండి, తర్వాత కన్నం. "శ్రీరస్తు!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో. దాని పక్కన "భమస్తు". "శుభమస్తు!" ఆ పక్కన "అవి", మళ్ళీ కన్నం. "అవిఘ్నమస్తు!" కింద "రాక్షస నామ సంవ" అని ఉంటే, "సంవత్సర" అని పూర్తి చేశారు. అట్టడుగున "సకు" అన్న రెండక్షరాలే మిగిలాయి. పక్కింటి గుంటడు వాటిని చూసి "సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి" అని ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేశాడు. నాలుగో తరగతి. తెలుగు వాచకం చదవమంటే వాడికింత జోరుండదు.

"ఒరే, కాగితం మీద లేనివన్నీ ఎలా చదివారు?"

"పెళ్ళికార్డులన్నీ ఇలగే ఉంటాయి కద తాతా!"

చూశారా, ఆ ఒక్క ముక్క పట్టుకునే ప్రపంచంలో శాసనాలు చదివే పండితులంతా బతుకుతున్నారు. కానీ మా పండితులు ఐదుగురూ ఒకచోట ఆగిపోయారు. "చి.ల.సౌ." అని ఉంది. ఆ తర్వాత పెళ్ళికూతురి పేరుండాలి. అక్కడే చెదపురుగు నిండా భోంచేసి వెళ్ళింది. పెళ్ళికొడుకు పేరున్న మూల అసలే లేదు.

"ఎవరి పెళ్ళి తాతా ఇది?"

"అది చివర్న. ముందు గ్రీకుదేశం వెళ్ళొద్దాం పదండి."

మనవాళ్ళు తాటాకుమీద ఎంత ధారాళంగా రాసుకున్నారో, గ్రీకులు పాలరాతిమీద అంత ధారాళంగా చెక్కించుకున్నారు. పన్నులు, పట్టాలు, మొక్కులు, సమాధిరాళ్ళు, ఊరి పెద్దకి పొగడ్తలు, ఏదైనా సరే రాతికెక్కాల్సిందే. క్రీస్తుశకం మూడో శతాబ్దం చివరనుంచి ఏడో శతాబ్దం దాకా ఉన్న కాలాన్ని చరిత్రకారులు లేట్ ఆంటిక్విటీ అంటారు. పాత యుగానికి పొద్దువాలే వేళ అనుకోండి. ఇక్కడ మన కళింగంలో మాఠరులు, కిందన విష్ణుకుండినులు ఏలిన రోజులు అవే. అప్పటి గ్రీకు రాళ్ళు వేలకొద్దీ దొరికాయి. కానీ నిండుగా దొరికినవి తక్కువ, ముక్కలే ఎక్కువ. ఒకదానికి కుడిచెయ్యి లేదు, ఒకదానికి తల లేదు, ఒకదానిమీద మూడక్షరాలు మిగిలాయి, అంతే.

ఎందుకు విరిగాయి? కొన్నిటిని భూకంపం పడగొట్టింది. కొన్నిటిని మనుషులే పీకి గోడల్లో పెట్టుకున్నారు. దీనికి నాకు భలే ఇష్టమైన కథ ఒకటుంది. డయోక్లీషియన్ అని రోమ్ చక్రవర్తి. సరుకుల ధరలు ఆకాశానికెక్కుతున్నాయని 301లో ఒక ఆజ్ఞ వేశాడు. ఏ సరుకు ఎంతకి మించి అమ్మకూడదో, ఏ పనివాడికి ఎంతకి మించి ఇవ్వకూడదో పెద్ద జాబితా రాయించి, ఊరూరా రాతిమీద చెక్కించాడు. రైతుబజారులో ధరల బోర్డు ఉంటుందే, దాన్ని పాలరాతిమీద చెక్కి, కింద "మీరితే తల తీయిస్తాను" అని రాస్తే ఎలా ఉంటుందో అలా. మంగలికి మనిషికి రెండు దినారియాలు. పొలం కూలికి భోజనం పెట్టి రోజుకి 25. అక్షరాలు దిద్దించే పంతులుకి పిల్లాడికి నెలకి 50. జ్యామితి చెప్పే పంతులుకి 200. "అంటే లెక్కల మాస్టారు తెలుగు మాస్టారికంటే నాలుగింతలా!" అన్నాడు పెద్దాడు. నేను సైన్సు చెప్పినవాణ్ణి, ఆ తగువులోకి దిగలేదు.

ఆజ్ఞ నిలబడలేదు. గిట్టని ధరకి ఎవడమ్ముతాడు? సరుకు సంతలోంచి మాయమైపోయింది. తర్వాత కొన్ని వందలేళ్ళకి గ్రీకుదేశంలో గెరాకి అనే చిన్న ఊళ్ళో చర్చి కట్టుకుంటూ, మంచి రాళ్ళు కదా అని ఆ ధరల పట్టిక పలకల్ని తీసుకెళ్ళి ద్వారబంధానికి పెట్టుకున్నారు. ఇప్పటికీ దేవుడి దగ్గరకెళ్ళేవాళ్ళు చక్రవర్తి ధరల మధ్యనుంచే లోపలికి వెళ్ళాలి! నవ్వుకోకండి, మనమూ తక్కువ తినలేదు. అమరావతి స్తూపం పలకలు కోనేటి మెట్లకీ, ఇళ్ళ గోడలకీ వెళ్ళిపోయాయి. 1790ల్లో కాలిన్ మెకంజీ అనే సర్వే దొర ఆ దిబ్బని చూశాడు. 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించేసరికి చాలా రాళ్ళు మాయం. మెట్లకి వెళ్ళినవి నయం, అడిగితే తిరిగిస్తాయి. సున్నపుబట్టీకి వెళ్ళినవి తిరిగిరావు.

సున్నమంటే గుర్తొచ్చింది, అసలు పాలరాయి ఏమిటో చెప్పలేదు కదా. బొర్రా గుహలకి మీరంతా వెళ్ళారు. పైనుంచి చుక్కచుక్కా కారి శివలింగాలూ, ఏనుగు తొండాలూ కట్టిన రాయి ఉందే, దాని సరుకు కాల్షియం కార్బొనేట్. కోడిగుడ్డు పెంకూ అదే, నత్తగుల్లా అదే. సముద్రం అడుగున గుల్లలూ, సున్నపు బురదా పొరలుపొరలుగా పేరుకుని బిగుసుకుంటే సున్నపురాయి. ఆ సున్నపురాయి భూమి లోపల లోతుకి దిగి, కోట్ల ఏళ్ళపాటు వేడీ ఒత్తిడీ తింటే లోపలి పలుకులు మళ్ళీ కొత్తగా కట్టుకుని పెద్దవవుతాయి. అది పాలరాయి. పంచదార పాకాన్ని తొందరపడకుండా వదిలేస్తే పటికబెల్లం పలుకులు కడుతుంది చూడండి, అలా. సరుకు అదే, కట్టుబడి వేరు. అందుకే పాలరాతి ముక్క విరిచి ఎండకి పెడితే పటికబెల్లంలా మిలమిలమంటుంది. బొర్రా దగ్గర రాయి కూడా అలా వేడి తిని పలుకుకట్టిందే. గ్రీకులకి మంచి పాలరాయి ఇచ్చిన దీవి ఒకటి ఇస్తాంబుల్ పక్క సముద్రంలో ఉంది. ఆ సముద్రానికి మర్మరా అన్న పేరు ఆ పాలరాతివల్లే వచ్చింది.

అమరావతి రాళ్ళని లండన్ మ్యూజియం వాళ్ళు మార్బుల్స్ అని పిలిచారు కానీ అవి పాలరాళ్ళు కావు. పల్నాటి సున్నపురాయి, పటికబెల్లం కాని బెల్లం. నునుపు చూసి దొరలు మోసపోయారు. అయితే బట్టీకి రెండూ ఒకటే. తొమ్మిదివందల డిగ్రీల దగ్గర కాలిస్తే రాయిలోంచి కార్బన్ డయాక్సైడ్ వాయువు ఎగిరిపోతుంది, సున్నం మిగులుతుంది. లెక్క చెప్పమంటారా? వంద కిలోల రాయి కాలిస్తే 56 కిలోల సున్నం, 44 కిలోలు గాలి. దాని మీద ఏ తల్లి పేరుందో, ఏ పిల్లాడి సమాధి మాటుందో, అవి ఎటు పోయాయంటారు? సగం గోడకి, సగం గాలికి. గ్రీకుదేశంలోనూ పాత నగరాల శిథిలాల పక్కనే సున్నపుబట్టీలు బయటపడ్డాయి. పోయినవాటికోసం ఏడవడం మాని, మిగిలినదెంతో అపురూపమని చూడాలి మనం.

మన కొండల రాయి సంగతి కూడా చెప్పి ముందుకెళ్తాను, లేకపోతే మన ఊరికి అన్యాయం. మన చుట్టూ ఉన్న గోధుమరంగు రాయిలో ఎర్రగా దానిమ్మగింజల్లా మెరిసేవి చూశారా? అవి గార్నెట్లు. ఆ రాయికి 1902లో వాకర్ అనే భూగర్భశాస్త్రవేత్త ఖోండలైట్ అని పేరు పెట్టాడు, మన ఖోండు జనం పేరుమీద. ప్రపంచంలో ఎక్కడ ఆ రాయి దొరికినా మన కొండవాళ్ళ పేరే పలకాలి! సింహాచలం గుడి ఆ రాయే, కోణార్కా ఆ రాయే. చెక్కడానికి మెత్తగా లొంగుతుంది కానీ వాననీటికి మెల్లగా మట్టిగా మారే గుణం ఉంది. అయినా సింహాచలం గోడలమీద అయిదువందలకి పైగా శాసనాలు నిలిచాయి. అందులో 1098 నాటిదీ ఉంది, 1516లో కృష్ణదేవరాయలు వచ్చి వేయించినదీ ఉంది. ఈసారి చందనోత్సవానికి వెళ్తే తోపులాటలో కూడా ఒకసారి గోడవైపు చూడండి.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. విరిగిన రాయిని ఎలా చదువుతారు?

మొదటి ఉపాయం మీరు ఇందాక చేసిందే. మనుషులు పెళ్ళికీ చావుకీ దేవుడికీ కొత్తమాటలు వెతుక్కోరు, అందరూ అనే మాటే అంటారు. గ్రీకు సమాధిరాళ్ళమీద "ఎన్థాదె కెయితై" అని ఉంటుంది. ఇదిగో ఇక్కడ పడుకున్నాడు, అని. ఆ తర్వాత పేరు. మొదటి మూడక్షరాలు దొరికితే చాలు, మిగతాది మీ "శ్రీరస్తు" లాగే వచ్చేస్తుంది. ఆ కాలంలోనే క్రైస్తవులు సమాధికి "కొయిమెతేరియన్" అని రాసేవారు. అంటే పడకిల్లు. లేస్తారని నమ్మకం కదా, చచ్చిపోయాడనడానికి మనసొప్పలేదు. మనం మాత్రం పోయినవాళ్ళని "కాలం చేశారు" అనమూ?

మన బ్రాహ్మీ అక్షరాల తాళం తెరుచుకున్నదీ ఇలాగే. కలకత్తా టంకశాలలో జేమ్స్ ప్రిన్సెప్ అని ఒకాయన పనిచేసేవాడు. సాంచీ స్తూపం కంచెమీది చిన్నచిన్న రాతల నకళ్ళు ఆయన దగ్గరికొచ్చాయి. ఒక్క అక్షరం తెలీదు. కానీ చాలా రాతల చివర రెండక్షరాలు, ఒక చుక్క అచ్చం ఒకేలా ఉన్నాయి. గుడికి జనం ఏం చేస్తారు? ఏదో ఒకటి ఇచ్చి పేరు వేయించుకుంటారు. మన రామాలయంలో ఫ్యాను రెక్కమీద దాత పేరుండి, గాలికంటే పేరే ముందు తగులుతుంది చూడండి. అలాగే ఇదీ "దానం" అయ్యుండాలి అనుకున్నాడు. ద, న దొరికాయి. ఆ కొసపట్టుకుని 1837లో మొత్తం వర్ణమాల లాగేశాడు. ఒక్క దారప్పోగు దొరికితే గోనెసంచి కుట్టంతా ఊడొచ్చినట్టు. మన అమరావతి పలకలమీదా అదే "దాన" మాట. ఎవరో గృహిణి, ఎవరో భిక్షుణి, ఎవరో చర్మకారుడు, తలా ఒక రాయి.

రెండో ఉపాయం, పక్కవాడి పుస్తకం. మీ వాచకంలో పేజీ చిరిగితే ఏం చేస్తారు? పక్కవాడి పుస్తకం చూసి ఎక్కించుకుంటారు. మన తూర్పు కనుమల అంచునే, గంజాం జిల్లాలో ఋషికుల్య ఒడ్డున జౌగడ అని ఒక పాతకోట ఉంది. అక్కడ గుండురాయిమీద అశోకుడి శాసనాలున్నాయి. రాయి పెచ్చులూడి చాలా వాక్యాలు తెగిపోయాయి. అయితే అశోకుడు ఒకే మాటని ధౌలిలో, గుజరాతు గిర్నార్‌లో, మన కర్నూలువైపు ఎర్రగుడిలో కూడా చెక్కించాడు. ఇక్కడ ఊడింది అక్కడుంటుంది, అక్కడ చెరిగింది ఇక్కడుంటుంది. అన్నీ పక్కపక్కన పెట్టుకుంటే వాక్యం అతుకుతుంది. డయోక్లీషియన్ ధరల పట్టిక కూడా నిండుగా ఏ ఊళ్ళోనూ దొరకలేదు. ఎన్నో ఊళ్ళ ముక్కలు ఏరుకొచ్చి, బొంతకుట్టినట్టు కుట్టుకుంటూ వస్తున్నారు.

ఇక్కడొక వింత. అశోకుడి రెండో శాసనంలో అంతియోక అనే యవన రాజు పేరుంటుంది. యవనులంటే గ్రీకులే. మనుషులకీ పశువులకీ వైద్యం, మందుమొక్కలు నాటించడం, బావులు తవ్వించడం, ఇవన్నీ ఆ రాజు దేశం దాకా చేయించానని చెప్పుకున్నాడు. 1958లో ఆఫ్ఘనిస్తాన్‌లో కాందహార్ దగ్గర కొండరాయిమీద అశోకుడి మాట గ్రీకు అక్షరాల్లోనే దొరికింది. ధర్మం అన్నదానికి వాళ్ళ "యుసెబెయా" అన్న మాట వాడారు. ఎక్కడి గ్రీకు అనుకున్నాం, మన అశోకుడి నోటే పలికింది.

మూడో ఉపాయానికి చేతిలో టార్చిలైటుంటే చాలు. మిట్టమధ్యాహ్నం పొలం చూస్తే చదునుగా కనిపిస్తుంది. అదే పొలం పొద్దువాలేటప్పుడు చూడండి, వలిసెలు చల్లడానికి దున్నిన ప్రతి నాగటిచాలూ నీడతో లేచి నిలబడుతుంది. అరిగిపోయిన అక్షరమూ అంతే. రాత్రిపూట దీపం పక్కనుంచి వాల్చి పట్టుకుంటే పగలు కనబడనిది కనబడుతుంది. దానితోపాటు అచ్చు తీయడం ఒకటుంది. రాయిని శుభ్రంగా కడిగి, తడికాగితం పరిచి, బ్రష్షుతో దరువేస్తే కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. పైన సిరా ముద్దతో అద్దితే చదునంతా నల్లగా, అక్షరం తెల్లగా వస్తుంది. మీరు నాణెంమీద కాగితం పెట్టి పెన్సిలు రుద్దుతారే, దానికి పెద్దన్న.

ఇలా మన కొండల పక్కన రాళ్ళు చదివిన మనిషిని తలుచుకోకపోతే కళ్ళు పోతాయి. గిడుగు రామమూర్తి పంతులుగారు. పర్లాకిమిడిలో బడిపంతులు. దగ్గర్లో ముఖలింగం గుళ్ళున్నాయి. గోడలనిండా రాతలు, చదివి చెప్పేవాడు లేడు. ఎవరూ నేర్పకుండానే పుస్తకాలు తెప్పించుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని ఆ శాసనాలు చదివాడు. 1919లో వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధక్షేత్రాన్ని లోకానికి చూపించిందీ ఆయనే. ఇంతలో కొండదిగి వచ్చే సవరలు ఆయన కంటబడ్డారు. వాళ్ళ భాషకి పుస్తకం లేదే అని ఆ భాష నేర్చుకున్నాడు, కొండల్లో తిరిగాడు, వ్యాకరణం రాశాడు, నిఘంటువు కట్టాడు. మన్యం జ్వరానికి మింగిన క్వినైను చెవులు తీసుకుపోయింది. భాష వినడానికే కొండెక్కిన మనిషికి చెవుడొచ్చింది చూడండి! అయినా ఆగలేదు. రాళ్ళు చదివిన చదువే ఆయనకి ఇంకో సంగతి నేర్పింది. పాత శాసనాల్లో జనం మాట్లాడే మాటలున్నాయి కదా, మనం ఎందుకు రాయకూడదు అని వ్యావహారిక భాషకోసం దెబ్బలాడాడు. ఆయన పుట్టినరోజు, ఆగస్టు 29, ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం. 1936లో సవరల్లోనే మంగయి గొమాంగో అనే ఆయన వాళ్ళ భాషకి సొరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపి కట్టాడు. ఆ అక్షరాలకి పూజ కూడా చేస్తారు. మనం పలకని కాలుతో తన్నితే కళ్ళకద్దుకోమూ, అదే భక్తి.

మాట్లాడినట్టు రాయడం గ్రీకు రాళ్ళమీదా ఉంది. ఇందాక "కెయితై" అన్నానా? ఆ పొద్దువాలే కాలపు రాళ్ళమీద చాలాచోట్ల "కీతె" అని ఉంటుంది. రాతి పనివాడికి వ్యాకరణం తెలీదు, చెవికి వినబడ్డట్టు చెక్కాడు. పాత పండితులు తప్పు అనుకున్నారు. కానీ ఆ తప్పులవల్లే అప్పటి గ్రీకులు ఆ మాటని ఎలా పలికేవారో మనకి తెలిసింది. ఒప్పుగా రాసినవాడు బడి సంగతి చెప్తాడు, తప్పుగా రాసినవాడు ఇంటి సంగతి చెప్తాడు.

మరి కాలం ఎలా తెలుస్తుంది? అప్పటి రాళ్ళమీద "ఇండిక్షన్ మూడో ఏడు" లాంటి లెక్కుంటుంది. పన్నుల కోసం పదిహేనేళ్ళ చక్రం ఒకటి తిప్పేవారు. 312 నుంచి దాని లెక్క. చిక్కేమిటంటే ఏ చక్రంలో మూడో ఏడో రాయరు! మన కార్డుమీద "రాక్షస నామ సంవత్సర" అని ఉంది చూడండి, మనది అరవయ్యేళ్ళ చక్రం. రాక్షస 1915లో వచ్చింది, 1975లో వచ్చింది. ఈ పెళ్ళి ఎప్పటిది?

పిల్లలు కార్డుమీద పడ్డారు. చిన్నది వెనక్కి తిప్పింది. చిరునామా చివర ఆరంకెలు. "పిన్ కోడ్!" అని అరిచాడు పెద్దాడు. పిన్ కోడ్ మన దేశంలోకి 1972లో వచ్చింది. కాబట్టి 1915 కాదు, 1975. ఒరే, మీకు మ్యూజియంలో ఉద్యోగాలు ఖాయం అన్నాను. అరువు తెచ్చుకున్న తెలివి కాదు, సొంతంగా పట్టిన తేదీ. ఆ వెలుగు మొహాలమీద చూడాలి!

అప్పుడు పలకమీద ఒక గుర్తు వేసి చూపించాను: [ ]. శాసనం అచ్చువేసేటప్పుడు రాతిమీద ఉన్నది మామూలుగా రాసి, పోయినచోట పండితుడు ఊహించి నింపినదాన్ని ఈ బ్రాకెట్ల మధ్య పెడతారు. అక్షరం సగమే కనబడి అనుమానంగా ఉంటే కింద చుక్క పెడతారు. 1931లో లైడెన్ నగరంలో కూర్చుని దేశదేశాల వాళ్ళు ఒప్పుకున్న పద్ధతి ఇది. నా లెక్కలో శాసనశాస్త్రం మొత్తంలోకీ గొప్ప వస్తువు ఈ రెండు బ్రాకెట్లే. ఇంతవరకూ రాయి చెప్పింది, ఇక్కణ్ణుంచి నేను చెప్తున్నాను, అని గట్టుకి హద్దురాయి పాతడం. పొలం గట్టు జరిపేసేవాళ్ళని చూశాం కదా, తెలిసినదాని గట్టు తెలియనిదానిమీదకి జరిపితే అదీ కబ్జానే. అమరావతిలో ఒక రాతిముక్కమీద "నాగబు" అన్న మాటని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చదివి, ఇదే దొరికినవాటిలో తొలి తెలుగుమాట అన్నారు. ఎంత సంబరం! కానీ అది ముక్క. ముందేముందో వెనకేముందో రాయి చెప్పలేదు. సంబరపడదాం, పక్కన బ్రాకెట్ కూడా ఉంచుదాం.

ఈమధ్య ఈ పనికి కంప్యూటర్ని కూడా కూర్చోబెట్టారు. 2022లో ఇథాకా అనే కృత్రిమ మేధని గ్రీకు శాసనాలమీద సాధన చేయించారు. పోయిన అక్షరాలు నింపమంటే, చరిత్ర చదివినవాళ్ళు సొంతంగా నింపినవి నూటికి 25 సరిపోయాయి. యంత్రం ఒక్కటే చేస్తే 62. యంత్రం చెప్పినవి చూసుకుంటూ మనిషి చేస్తే 72. మీ మామ్మ చారు పెట్టినా అంతే, పొడి కొట్లోంచి రావచ్చు, ఉప్పు చూసేది మాత్రం నాలికే. ఆ యంత్రం బలం కూడా అలవాటే. వేల పెళ్ళికార్డులు చూసిన గుంటడన్నమాట. 

"మరి పేర్లు తాతా?" అంది చిన్నది.

గట్టి ప్రశ్న. అందరిదీ అయిన మాట పోతే తిరిగొస్తుంది. ఒక్కరిదే అయిన మాట పోతే రాదు. "ఇక్కడ పడుకున్నాడు" దొరుకుతుంది, ఎవడు పడుకున్నాడో దొరకదు. "దానం" దొరుకుతుంది, ఇచ్చిన తల్లి దొరకదు. కోరాపుట్ వైపు గదబల ఊళ్ళలో పోయినవాళ్ళకోసం నిలబెట్టిన రాళ్ళున్నాయి. వాటిమీద ఒక్క అక్షరం లేదు. అయినా ఇది ఎవరిదీ అంటే ఊళ్ళో ముసలివాళ్ళు చెప్తారు. ఆ రాతికి నోరు ఊళ్ళో ఉంది. గ్రీకు రాతికి అక్షరాలున్నాయి, అడగడానికి ఊరు లేదు.

పెద్దాడు ఉన్నట్టుండి లేచాడు. "తాతా, 1975లో ఈ ఇంట్లో పెళ్ళంటే నీదీ మామ్మదీనే! మామ్మ పేరేటి?" ఐదుగురూ మొహాలు చూసుకున్నారు. మామ్మ పేరు మామ్మే కదా! "ఎవరూ అడక్కండి, ఇంకో నకలు వెతుకుదాం" అన్నాడు వాడు. నాకు గర్వంతో గొంతు పట్టేసింది.

వంటింట్లో మూల పుట్టింటివాళ్ళు పెట్టిన ఇత్తడిబిందె ఉంది. మెడకింద పేరు పొడిపించిన చుక్కలు. యాభై ఏళ్ళ చింతపండూ బూడిదా వాటిని అరగదీశాయి, తోమిందీ ఆవిడే. చిన్నది టార్చి తెచ్చి పక్కకి వాల్చి పట్టింది. ముందు "సి" లేచింది. చివర "మ్మ". మధ్యలో నునుపు.

"సింహాచలమ్మ!" అన్నారంతా ఒక్కసారి. మన విశాఖ వైపు "సి"తో మొదలై "మ్మ"తో ఆగితే ఇంకేముంటుంది? ఊరికి పదిమంది ఉంటారు. "శ్రీరస్తు" అన్నంత ధీమాగా అన్నారు.

తలుపు దగ్గర నిలబడి మా ఇంటావిడ పమిట నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "కాదర్రా. సిలకమ్మ. మా నాయన చిలకమ్మ అనే పెట్టాడట. పొడిచేవోడు మా అమ్మ ఎలగ పిలిస్తే అలగే పొడిచేసాడు."

పిల్లలు పకపక నవ్వారు. నేను నవ్వలేదు. నేనా పేరు నోటితో పిలిచి ఎన్నాళ్ళయిందో లెక్క కడుతున్నాను.

చిన్నది పలక తీసుకుని అక్షరం అక్షరం రాసింది. రాసి, బలపం ఆపి నావైపు చూసింది. "మధ్యలో అక్షరాలకి బ్రాకెట్లు పెట్టాలా తాతా?"

"వద్దమ్మా" అన్నాను. "చెప్పిన మనిషి ఎదురుగా ఉంది కదా."

మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. దుప్పట్లు లోపలేసుకోడానికి అందరూ పరుగెత్తారు. శుభలేఖ మాత్రం నేనే తీసి జేబులో పెట్టుకున్నాను.